నిండు నెలలు, 11 రోజుల షూటింగ్

మీలో చాలామంది ఈమెని చూసే ఉంటారు. పేరు తెలీదు, అంతే.

నెట్‌ఫ్లిక్స్‌లో 2018 చివర్లో వచ్చిన 'బ్లాక్ మిర్రర్: బ్యాండర్‌స్నాచ్' గుర్తుందా? హీరో పొద్దున్నే ఏం తినాలి అన్న దగ్గర్నుంచి ఎవర్ని ఏం చెయ్యాలి అన్న దాకా స్క్రీన్ మీద వేలు పెట్టి మనమే చెప్పాలి. నేనైతే అన్ని దారులూ తొక్కితే గానీ వదల్లేదు. అందులో హీరోకి కౌన్సెలింగ్ ఇచ్చే డాక్టర్ హేన్స్ అని ఒకావిడ ఉంటుంది. మెత్తగా, ఓపిగ్గా మాట్లాడుతుంది. కానీ ఒక దారిలో వెళ్తే మాత్రం ఆ డాక్టరమ్మ ఉన్నట్టుండి రెండు కర్రలు తీసి పేషెంట్‌తో ఫైటింగ్‌కి దిగుతుంది. అక్కడ నేను పడీపడీ నవ్వాను.

'షెర్లాక్' సిరీస్ చూసినవాళ్ళకి ఇంకో గుర్తు. 2014లో వచ్చిన పెళ్ళి ఎపిసోడ్‌లో, తాను ఒక దెయ్యంతో డేటింగ్ చేశానేమో అని చెప్పుకునే నర్సు ఉంటుంది కదా? ఆవిడా ఈమే.

పేరు ఆలిస్ లో. ఇంటిపేరే 'లో'. తెలుగులో రాస్తుంటే తమాషాగా ఉంది, ఎక్కడ చూసినా విభక్తి ప్రత్యయంలా తగులుతుంది. అందుకే ఇక నుంచి ఉత్త ఆలిస్ అనే అంటాను. అయితే ఈ 'లో' సంగతి మర్చిపోకండి. ఆమె కెరీర్‌లో అసలు మలుపు తిప్పింది ఆలిస్‌లో ఉన్న ఇంకో మనిషే.

ఇంటర్వ్యూ లేని హీరోయిన్

ఆలిస్ 1977లో ఇంగ్లండ్‌లోని కొవెంట్రీలో పుట్టింది. కేంబ్రిడ్జ్‌లో గ్రీకు, లాటిన్ క్లాసిక్స్ చదివింది. చదువు అది, అలవాటు మాత్రం నాటకాలు. అక్కడ పరిచయమైన గ్యాంగ్ మామూలుది కాదు. మాథ్యూ హోల్నెస్, రిచర్డ్ అయొయాడీ, పాల్ కింగ్. వీళ్ళంతా కలిసి గార్త్ మరెంఘీ అనే ఒక కల్పిత రచయిత పేరుతో స్టేజ్ షోలు చేశారు. తనని తాను మహా హారర్ రైటర్ అనుకునే, కానీ ఘోరంగా రాసే మనిషి ఆ మరెంఘీ. 2001లో ఎడిన్‌బరా ఫ్రింజ్‌లో ఈ షోకి పెరియర్ అవార్డు వచ్చింది. అప్పట్లో బ్రిటిష్ కామెడీలో అంతకన్నా పెద్ద పేరు లేదు.

దాని మీదే 2004లో ఛానల్ 4 వాళ్ళు 'గార్త్ మరెంఘీస్ డార్క్‌ప్లేస్' అని ఆరు ఎపిసోడ్ల సిరీస్ వేశారు. కాన్సెప్ట్ ఏంటంటే, 1980ల్లో ఈ మరెంఘీ తీసిన ఒక దిక్కుమాలిన హాస్పిటల్ సీరియల్ ఇన్నాళ్ళకి బయటపడింది. అందులో యాక్టింగ్ ఘోరం, డబ్బింగ్ పెదాలకి కలవదు, షాట్‌కి షాట్‌కి పొంతన ఉండదు. మధ్యమధ్యలో ఆ 'నటులు' కుర్చీలో కూర్చుని తమ గొప్పల గురించి ఇంటర్వ్యూలు ఇస్తుంటారు.

ఆలిస్ అందులో మ్యాడలిన్ వూల్ అనే నటి. ఆ నటి వేసే పాత్ర డాక్టర్ లిజ్ ఆషర్. అంటే నటించడం రాని నటిలా నటించాలి. ట్రై చేసి చూడండి, బాగా నటించడం కన్నా కష్టం. మెయిన్ గ్యాంగ్‌లో ఒక్కతే ఆడమనిషి. కాబట్టి లిజ్ పనల్లా మగ డాక్టర్ల మాటలకి కళ్ళు పెద్దవి చెయ్యడం, భయపడటం, ఏడవటం. ఆడవాళ్ళ పాత్ర రాయడం చేతకాని మగ రచయితల మీదే ఆ జోక్.

నన్ను ఎక్కువగా ఆపింది మాత్రం ఇంకో జోక్. ఆ ఇంటర్వ్యూలు ఉన్నాయి చూశారూ, వాటిలో మగవాళ్ళు ముగ్గురూ కనిపిస్తారు, ఆమె కనిపించదు. ఎందుకంటే కథ ప్రకారం మ్యాడలిన్ వూల్ ఎప్పుడో మాయమైపోయింది, బహుశా చనిపోయి ఉంటుంది. సీరియల్ అంతా ఆమె ఉంటుంది. దాని గురించి మాట్లాడే హక్కు మాత్రం మిగతావాళ్ళది. స్క్రిప్ట్‌లో అది కామెడీ. ఇండస్ట్రీలో చాలామంది కామెడీ నటీమణులకి అది ఉద్యోగ వివరణ.

ఆ షోని అప్పట్లో పెద్దగా ఎవరూ చూడలేదు. తర్వాత నోటి మాటతో కల్ట్ అయింది. గ్యాంగ్‌లో కుర్రాళ్ళు ఒక్కొక్కరే డైరెక్టర్ కుర్చీ ఎక్కారు. పాల్ కింగ్ 2009లో మొదటి సినిమా తీసి, 2014 కల్లా 'ప్యాడింగ్టన్'తో ప్రపంచానికి తెలిసిపోయాడు. అయొయాడీ 2010లో 'సబ్‌మెరీన్' తీశాడు. ఆలిస్? 'హాట్ ఫజ్'లో ఒక చిన్న పాత్ర, ఆ షోలో ఒక నర్సు, ఈ షోలో ఒక రిసెప్షనిస్టు తరహా వేషాలు. వచ్చి, నవ్వించి, వెళ్ళిపోవడం.

రాసుకుంటే గానీ రాలేదు

ఇక్కడ ఆమె చేసిన పని సింపుల్. తనకి ఎవరూ రాయరని తేలిపోయింది కాబట్టి తానే రాసుకుంది.

స్టీవ్ ఓరమ్ అనే ఇంకో కామెడీ నటుడితో కలిసి స్టేజ్ మీద ఒక జంటని తయారుచేసింది. క్రిస్, టీనా. చూడ్డానికి పక్కింటి మనుషులు. స్వెటర్లు వేసుకుని, కారు వెనక క్యారవాన్ తగిలించుకుని ఊళ్ళు తిరుగుతారు. దారిలో నచ్చనివాళ్ళని చంపేస్తుంటారు. టీవీ వాళ్ళకి వినిపిస్తే, మరీ డార్క్‌గా ఉందని వద్దన్నారు. దాన్నే చిన్న టేప్‌గా తీసి ఉంచుకుంటే, 'హాట్ ఫజ్' డైరెక్టర్ ఎడ్గర్ రైట్ చూసి, ఇది సినిమా అవ్వాల్సిందే అని వెనక నిలబడ్డాడు. బెన్ వీట్లీ డైరెక్షన్‌లో 2012లో 'సైట్‌సీయర్స్' వచ్చింది. కాన్స్‌లో డైరెక్టర్స్ ఫోర్ట్‌నైట్‌లో వేశారు. ఆ ఏడాది బ్రిటిష్ ఇండిపెండెంట్ ఫిల్మ్ అవార్డుల్లో బెస్ట్ స్క్రీన్‌ప్లే ఈ సినిమాదే.

చూడకపోతే చూడండి. ట్రామ్ మ్యూజియంలో ఒకడు చెత్త కింద పడేస్తాడు. తియ్యమంటే తియ్యడు. క్రిస్‌కి అది భరించలేని నేరం. కాసేపటికి క్యారవాన్ రివర్స్ చేస్తున్నప్పుడు 'పొరపాటున' వాడి మీద ఎక్కిస్తాడు. క్రిస్ హత్యలకి ఒక పద్ధతి ఉంటుంది, కారణం ఉంటుంది. టీనా కూడా మొదలుపెట్టాక ఆ పద్ధతీ లేదు, కారణమూ లేదు. క్రిస్ తల పట్టుకుంటాడు. తల్లి చాటున, ఎవరి మాటకీ ఎదురు చెప్పకుండా బతికిన అమ్మాయి, జీవితంలో మొదటిసారి తనకి నచ్చిన పని దొరికినట్టు వెలిగిపోతుంది. నవ్వాలో భయపడాలో తెలీని ఆ వెలుగే ఆలిస్ అసలు స్టైల్.

పేరు వచ్చింది, అవార్డు వచ్చింది. ఇక ఫోన్లే ఫోన్లు అనుకుంటాం కదా? డైరెక్షన్ ఛాన్స్ మాత్రం అంత తొందరగా రాలేదు. వచ్చిన టైమ్ చూడండి.

'నేను ప్రెగ్నెంట్' అని చెప్పాక

వేల్స్‌లో చాలా చిన్న బడ్జెట్‌తో, కొన్ని రోజుల్లో సినిమాలు తీసే వాళ్ళతో ఆలిస్ అప్పటికే పనిచేసింది. అలాంటి ఇంకో సినిమా మాట వచ్చేసరికి ఆమె కడుపుతో ఉంది. కుదరదు అని చెప్పాల్సిన సందర్భం. చెప్పాక కూడా బుర్రలో ఒక పురుగు తొలిచింది. నటి గర్భవతి కాబట్టి కుదరదు, సరే. పాత్రే గర్భవతి అయితే?

మామూలుగా అయితే ఆ ఆలోచన అక్కడే ఆగిపోతుంది. ఈమె మాత్రం చకచకా స్క్రిప్ట్ రాసేసింది. పేరు 'ప్రివెంజ్'. ప్రతీకారం అనే ఇంగ్లిష్ మాటకి, పుట్టకముందు అనే అర్థం అతికించిన పేరు.

కథ ఇదీ. రూత్ నిండు గర్భిణి. కొండలెక్కుతున్నప్పుడు జరిగిన ప్రమాదంలో ఆమె పార్ట్‌నర్ చనిపోయాడు. దానికి కారణమైనవాళ్ళని ఒక్కొక్కరినే చంపమని కడుపులో బిడ్డ ఆమెకి చెప్తుంటుంది. సన్నటి, గీరుకుపోయే గొంతుతో. ఆ గొంతు కూడా ఆలిస్‌దే. డాక్టర్ దగ్గరికి చెకప్‌కి వెళ్తే అక్కడి మిడ్‌వైఫ్ ఎంతో ప్రేమగా, అంతా బిడ్డకే తెలుసు, బిడ్డ చెప్పినట్టు వినాలి అన్న ధోరణిలో ధైర్యం చెప్తుంది. రూత్ మొహం చూడాలి అప్పుడు! ఆవిడ మంచి మాటే చెప్పింది. ఈవిడ అక్షరాలా పాటిస్తోంది.

ఏడున్నర నెలల కడుపుతో, దాదాపు ప్రతి సీన్‌లో తానే నటిస్తూ, డైరెక్ట్ చేస్తూ, ఆలిస్ ఈ సినిమాని 11 రోజుల్లో తీసింది. ఎక్కువ భాగం వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో. మన దగ్గరైతే ఆ నెలల్లో సీమంతం చేసి, గాజులు తొడిగి, మెట్లు కూడా ఎక్కొద్దంటారు. ఈవిడ ముఖానికి పుర్రె రంగులు వేసుకుని, ఎర్ర గౌను తొడుక్కుని, హాలోవీన్ రాత్రి జనం మధ్య నడిచింది.

ఆ 11 రోజుల లెక్క విన్నప్పుడు అందరూ 'వావ్' అంటారు. నేనూ అన్నాను. కాసేపాగి ఆలోచిస్తే అది వీరగాథ కాదు, ఖచ్చితమైన ప్రొడక్షన్ లెక్క అనిపించింది. డబ్బు తక్కువ, కాబట్టి రోజులు తక్కువ. డేట్లు వాయిదా వెయ్యలేరు, ఎందుకంటే అసలు డేట్ డాక్టర్ చేతిలో ఉంది. పొట్ట నిజమైనదే కాబట్టి మేకప్ వాళ్ళకి రబ్బరు పొట్ట తిప్పలు లేవు. బిడ్డ పుట్టాక కథకి కావాల్సిన పసిపాప కూడా ఇంట్లోనే ఉంది. సినిమాలో కనిపించేది ఆలిస్ సొంత కూతురే. ఎడిటింగ్ కూడా పసిబిడ్డని దగ్గర పెట్టుకునే నడిపింది.

అంటే అడ్డంకి అనుకున్నదే ఒకేసారి కథ, కాస్ట్యూమ్, డెడ్‌లైన్ అయిపోయింది.

ఆ గ్లాసు క్యాబిన్ సీన్

సినిమాలో చాలా హత్యలున్నాయి, రక్తం కూడా బాగానే ఉంది. సున్నితంగా ఉండేవాళ్ళు చూసుకుని చూడండి. నాకు మాత్రం మనసులో నిలిచిపోయింది ఒక ఉద్యోగం ఇంటర్వ్యూ.

రూత్ ఒక పెద్ద ఆఫీసులో ఉద్యోగానికి వెళ్తుంది. అవతల కూర్చున్నది కూడా ఆడమనిషే. కేట్ డికీ వేసింది ఆ పాత్ర. టేబుల్ ఎంత శుభ్రంగా ఉంటుందో, ఆవిడ మాట అంత చల్లగా ఉంటుంది. తిట్టదు, గొంతు పెంచదు. రూత్ పొట్ట వైపు ఒక చూపు, ఇప్పుడు టైమ్ సరికాదేమో అన్న సలహా. అంతే, ఉద్యోగం పోయింది. రూత్ ఆ ఆఫీసుకి వచ్చింది ఉద్యోగం కోసం కాదనుకోండి, అది వేరే సంగతి.

బ్రిటన్‌లో 2010 నాటి ఈక్వాలిటీ యాక్ట్ ప్రకారం గర్భం కారణంగా ఉద్యోగంలో వివక్ష చూపడం చట్టవిరుద్ధం. ఆ సీన్ ఎందుకు అంత గుచ్చుకుంటుందంటే, అక్కడ 'నువ్వు గర్భవతివి కాబట్టి నీకివ్వను' అన్న మాట సూటిగా రాదు. ఎవరూ ఆ మాట సూటిగా అనరు. మా ఫ్రెండ్ ఒకమ్మాయి ఇంటర్వ్యూలో అన్ని ప్రశ్నలకీ బాగా చెప్పింది. చివర్లో 'పెళ్ళయి ఎన్నాళ్ళయిందమ్మా' అని నవ్వుతూ అడిగారట. తర్వాత ఫోన్ రాలేదు. కంప్లైంట్ ఇవ్వడానికి ఏముంది? నవ్వు మీద కేసు పెట్టలేం కదా.

నటీనటుల సంగతి ఇంకా ఘోరం. వాళ్ళు ఫ్రీలాన్సర్లు. బ్రిటన్‌లో సొంతంగా పనిచేసుకునేవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే మెటర్నిటీ అలవెన్స్ ఉంది. కానీ కంపెనీ ఉద్యోగికి ఉన్నట్టు, తిరిగొచ్చాక కూర్చోడానికి కుర్చీ ఏదీ ఎదురు చూడదు. ఎవరూ తీసెయ్యరు. పిలవడం మానేస్తారు, అంతే. బిడ్డ పుట్టాక ఇక పని దొరకదేమో అన్న భయం తనకి ఉండేదని ఆలిస్ ఇంటర్వ్యూల్లో చెప్పుకుంది. ఆ భయాన్ని ఏడుపు సినిమాగా తీస్తే మనం జాలిపడి మర్చిపోయేవాళ్ళం. ఈమె దానికి కత్తి ఇచ్చింది.

గర్భిణిని హారర్ సినిమాల్లో ఎప్పట్నుంచో వాడుతున్నారు. 1968 నాటి 'రోజ్‌మేరీస్ బేబీ' దగ్గర్నుంచి చూడండి, పాపం ఆమెకి ఏదో అవుతుంది, చుట్టూ ఉన్నవాళ్ళు ఆమె మీద ఏదో చేస్తారు. 'ప్రివెంజ్'లో చేసేది ఆమె. బస్సులో సీటు ఇచ్చేవాళ్ళు, జాగ్రత్తలు చెప్పేవాళ్ళు, పొట్ట తప్ప మనిషిని చూడనివాళ్ళు... వీళ్ళెవరికీ ఆమె మీద అనుమానం రాదు. కనపడకపోవడమే ఆమె బలం. ఇరవై ఏళ్ళ క్రితం మ్యాడలిన్ వూల్‌ని కూడా ఎవరూ పట్టించుకోలేదు, గుర్తుందిగా?

2016లో వెనిస్ ఫెస్టివల్‌లో క్రిటిక్స్ వీక్ ఈ సినిమాతోనే మొదలైంది.

ఎనిమిదేళ్ళ తర్వాత

కథ ఇక్కడే ఆపేస్తే బాగుంటుంది. కష్టపడింది, గెలిచింది, చప్పట్లు. కానీ తర్వాతి లెక్క కూడా చెప్పాలి.

రెండో సినిమా 'టైమ్‌స్టాకర్' వచ్చింది 2024లో. అమెరికాలో ఆస్టిన్ నగరంలో జరిగే సౌత్ బై సౌత్‌వెస్ట్ ఫెస్టివల్‌లో మార్చిలో మొదటిసారి వేశారు. అక్టోబర్‌లో బ్రిటన్ థియేటర్లకి వచ్చింది. 2016 నుంచి 2024. మొదటిది 11 రోజుల్లో తీసిన మనిషికి రెండోది తెర మీదకి తేవడానికి 8 ఏళ్ళు.

మధ్యలో కోవిడ్ ఉంది, నిజమే. అసలు కారణం సినిమా స్వభావంలోనే ఉంది. 'ప్రివెంజ్'కి కావాల్సింది ఒక పొట్ట, ఒక కత్తి, కొన్ని గదులు. 'టైమ్‌స్టాకర్'కి శతాబ్దాలు కావాలి. ఆగ్నెస్ అనే అమ్మాయి 1688లో స్కాట్లండ్‌లో, ఉరికంబం ఎక్కాల్సిన ఒకడిని చూసి తొలిచూపులోనే పడిపోతుంది. అక్కడే చస్తుంది. 1793లో విగ్గులు, గౌన్ల మధ్య మళ్ళీ పుడుతుంది, మళ్ళీ వాడినే చూస్తుంది, మళ్ళీ చస్తుంది. 1980ల మన్‌హాటన్‌లో వాడు పాప్ స్టార్, ఈమె పిచ్చి ఫ్యాన్. కథ 22వ శతాబ్దం దాకా వెళ్తుంది.

పునర్జన్మ ప్రేమలు మనకి కొత్తా? 'మూగమనసులు' నుంచి 'మగధీర' దాకా కన్నీళ్ళు తుడుచుకుంటూ చూసినవాళ్ళం. తేడా ఒక్కటే. మన కథల్లో ప్రేమ నిజం, జన్మలే అడ్డం. ఆలిస్ కథలో జన్మలు బాగానే దొరుకుతున్నాయి, ప్రేమే అబద్ధం. వాడికి ఈమె ఎవరో కూడా సరిగ్గా తెలీదు! ఎన్ని జన్మలెత్తినా అదే తప్పు మనిషి కోసం ఎదురుచూడటం ఆపని అమ్మాయి. చూస్తూ నవ్వాను. ఆపేశాక, రిప్లై రాదని తెలిసీ బ్లూ టిక్కుల కోసం చూసిన రాత్రులు గుర్తొచ్చాయి. మీకూ రావచ్చు.

ఈ రెండు సినిమాల మధ్య 8 ఏళ్ళని నేను ఎందుకు పట్టుకున్నానంటే, 'అడ్డంకిని అవకాశంగా మార్చుకోండి' అని పోస్టర్లు వేసేవాళ్ళు ఈ భాగం చెప్పరు. ఆలిస్ ఒకసారి మార్చుకుంది. దాంతో ఇండస్ట్రీ మారలేదు. 11 రోజుల్లో, అంత తక్కువ డబ్బుతో, నిండు నెలలతో సినిమా తీసి చూపించిన తర్వాత కూడా, కాస్త పెద్ద సినిమాకి డబ్బులు అడిగితే మళ్ళీ లైన్‌లో నిలబడాల్సిందే. ఆమె తెలివికి చప్పట్లు కొట్టాలి, నిజమే. కానీ ప్రతి అమ్మాయీ పని చేసుకోవడానికి అంత తెలివి చూపించాలా? మామూలు తెలివితో, మామూలు కడుపుతో, మామూలు సెలవు తీసుకుని వెనక్కొచ్చే అమ్మాయికి కూడా కుర్చీ ఉండాలి కదా?

చూడాలనుకునేవాళ్ళకి నా సలహా. మొదట 'డార్క్‌ప్లేస్' ఒక ఎపిసోడ్ చూడండి. ఆ పిచ్చి మీకు నచ్చితే ఆరూ ఆగకుండా అయిపోతాయి. తర్వాత 'సైట్‌సీయర్స్'. ఆ తర్వాత 'ప్రివెంజ్', కానీ భోజనం చేస్తూ మాత్రం వద్దు. 'టైమ్‌స్టాకర్' చివర్లో. ఈ వరసలో చూస్తే ఒక సంగతి కనిపిస్తుంది. మొదటి దాంట్లో మగవాళ్ళ డైలాగులకి కళ్ళు పెద్దవి చేసిన అమ్మాయే, చివరిదానికి వచ్చేసరికి రచయితా, డైరెక్టరూ, హీరోయినూ. ఇప్పుడు ఇంటర్వ్యూలు ఆవిడే ఇస్తోంది.

మూడో సినిమా ఎప్పుడో మరి. పాత లెక్క ప్రకారమైతే 2032లో రావాలి. ఆ లెక్క తప్పాలని కోరుకుంటున్నా.